గిట్ రెపో లోపల ఇంకో గిట్ రెపో: బాణం గుర్తు ఫోల్డర్లు, సబ్‌మాడ్యూల్, సబ్‌ట్రీ గొడవ

అన్నా అని అడిగావు కాబట్టి తమ్ముడూ అనే అంటా. ముందు నువ్వు అడిగింది రెండు ముక్కల్లో చెప్తా, తర్వాత వచ్చి చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, గుంటూరులో నలుగురు కలిసి చేస్తున్నారు. ఫ్రంటెండ్ ఒకడు వాళ్ల ఇంట్లో విడిగా మొదలుపెట్టాడు, దానికో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) రెపో ఉంది. బ్యాకెండ్ ఇంకొకడిది, దానికీ ఒకటుంది. రెండూ తెచ్చి ఒక పెద్ద ఫోల్డర్లో వేసి, బయట మళ్లీ గిట్ ఇనిట్ కొట్టి (అంటే కొత్త రెపో మొదలుపెట్టి), అన్నీ యాడ్ చేసి గిట్‌హబ్ అనే సైట్‌కి పుష్ చేశారు, అంటే ఎక్కించారు. ఇప్పుడు అక్కడ ఆ రెండు ఫోల్డర్ల మీద బాణం గుర్తు, నొక్కితే తెరుచుకోవట్లేదు, ఫ్రెండ్ క్లోన్ చేస్తే, అంటే తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ దించుకుంటే, ఖాళీ ఫోల్డర్లు వచ్చాయి. ఇది కాక ఇంకో ప్రాజెక్టులో కూడా వాడుతున్న కామన్ అనే ఫోల్డర్ ఒకటుంది, దాన్ని సబ్‌మాడ్యూల్ (వేరే రెపోగానే ఉంచి దాని గుర్తు మాత్రం పెట్టుకోవడం) చెయ్యాలా సబ్‌ట్రీ (దాని ఫైళ్లే తెచ్చి మన రెపోలో కలుపుకోవడం) చెయ్యాలా అని. అంతే కదా.

సూటిగా జవాబు: ఫ్రంటెండ్, బ్యాకెండ్ రెండిట్లోనూ లోపలి గిట్ తీసేసి మొత్తం ఒకే రెపో చేసుకోండి. కామన్ ఫోల్డర్ నిజంగా రెండు ప్రాజెక్టుల్లో నడుస్తుంటే దాన్నొక్కదాన్నే సబ్‌మాడ్యూల్ చెయ్యండి, అది కూడా నలుగురూ దాని పద్ధతి నేర్చుకుంటామంటేనే. ఒక్కడు బద్ధకించినా సబ్‌ట్రీయే మేలు.

ఇక ఎందుకో చెప్తా, తీరిగ్గా చదువుకో. నేను విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తా, కోల్డ్ స్టోరేజీలకీ మిర్చి కమిషన్ వ్యాపారులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఇప్పుడు కూడా గుంటూరు బస్సులో కూర్చుని ఫోన్లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నా, కమాండ్లు కూడా తెలుగులోనే పడుతున్నాయి, నువ్వు టెర్మినల్లో ఇంగ్లీషులోనే కొట్టుకో, అలాగే దించితే ఒక్కటీ పని చెయ్యదు.

మీ ఊరి భాషలోనే చెప్తా. రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, వాళ్లొక బాండు రాసిస్తారు. రైతు ఇంటికి తెచ్చుకునేది బాండు, మిరపకాయలు కాదు. బయటి గిట్ కూడా అంతే చేస్తుంది. ఒక ఫోల్డర్లో .గిట్ (రెపో చరిత్ర మొత్తం ఉండే దాచిన ఫోల్డర్) కనపడగానే ఇది వేరేవాళ్ల గోడౌను, నేను లోపలికి పోను అని గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఆ లోపలి రెపో ఇప్పుడు ఏ కమిట్ (సేవ్ చేసిన మార్పుల మెట్టు) మీద ఉందో ఆ కమిట్ నంబరు ఒక్కటి రాసుకుంటుంది. ఒక్క ఫైలు కూడా లోపలికి తీసుకోదు. దీన్నే గిట్‌లింక్ అంటారు. నమ్మకపోతే మీ బయటి ఫోల్డర్లో 'గిట్ ఎల్ఎస్-ట్రీ హెడ్' కొట్టి చూడు, మామూలు ఫోల్డర్ల ముందు 040000 ట్రీ అని ఉంటుంది, మీ ఫ్రంటెండ్ ముందు మాత్రం 160000 కమిట్ అని ఉంటుంది. ఆ 160000 కనపడిందంటే అక్కడున్నది సరుకు కాదు, బాండు.

మీకు వచ్చిన తేడా ఏంటంటే ఆ బాండు మీద నంబరుంది గానీ కోల్డ్ స్టోరేజీ పేరూ అడ్రసూ లేవు. ఆ అడ్రసు ఉండాల్సింది .గిట్‌మాడ్యూల్స్ అనే ఫైల్లో. 'గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్' అని పద్ధతిగా చేస్తే ఆ ఫైలు తయారవుతుంది, ఊరికే 'గిట్ యాడ్' కొడితే అవదు. అందుకే గిట్‌హబ్‌కి ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీదు, మీ ఫ్రెండ్ క్లోన్‌కీ తెలీదు, సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కొట్టినా యూఆర్ఎల్ దొరకలేదని తిట్టి ఊరుకుంటుంది. నిజానికి గిట్ మీకు ముందే చెప్పింది, 2017లో వచ్చిన 2.14 వెర్షన్ నుంచి ఇలా యాడ్ చేసినప్పుడు 'యాడింగ్ ఎంబెడెడ్ గిట్ రిపాజిటరీ' అని పెద్ద హెచ్చరిక ఇస్తుంది. ఎవరూ చదవరు. నేనూ చదవలేదు మొదటిసారి.

చాలామంది అనుకునేది ప్రాజెక్టు తయారుచేసే టూలే లోపల గిట్ పెట్టేసిందని. యాంగ్యులర్ టూల్ లాంటివి బయట ఆల్రెడీ గిట్ ఉందా లేదా చూసుకుంటాయి, ఉంటే కొత్తది పెట్టవు. మీ గొడవ వరస తిరగబడటం వల్ల వచ్చింది, లోపలివి ముందు పుట్టాయి, బయటిది తర్వాత పుట్టింది. ఇంకో రకం కూడా చూశా, ఎవడో ఎప్పుడో డెస్క్‌టాప్ మీదే గిట్ ఇనిట్ కొట్టి మర్చిపోతాడు, ఇక ఆ డెస్క్‌టాప్ మీద పెట్టే ప్రతి ప్రాజెక్టూ ఇంకో రెపో లోపలే ఉన్నట్టు లెక్క. 'గిట్ రెవ్-పార్స్ --షో-టాప్‌లెవెల్' కొడితే నువ్వు ఏ రెపోలో నిలబడ్డావో చెప్తుంది, అనుమానం వచ్చినప్పుడల్లా కొట్టుకో.

ఇప్పుడు బాగు చెయ్యడం. కమాండ్లు మూడే, కానీ ముందు ఒక పని చెయ్యకపోతే ఏడుస్తారు. లోపలి .గిట్ తీసేసే ముందు అందులో ఇంకెక్కడా లేని పని ఏమన్నా ఉందేమో చూడాలి. లోపలి ఫోల్డర్లోకి వెళ్లి 'గిట్ స్టాష్ లిస్ట్' కొట్టు, కమిట్ చెయ్యకుండా పక్కన దాచిన పని ఉంటే చూపిస్తుంది, తర్వాత 'గిట్ లాగ్ --బ్రాంచెస్ --నాట్ --రిమోట్స్' కొట్టు. బ్రాంచి అంటే పనిని విడిగా నడిపే దారి, రిమోట్ అంటే గిట్‌హబ్ లాంటి చోట ఉన్న కాపీ. రెండోదాంట్లో ఏమన్నా కమిట్లు కనపడితే అవి ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప లోకంలో ఎక్కడా లేవని అర్థం. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అబ్బాయి యూట్యూబ్‌లో చూసి ఆర్ఎం -ఆర్ఎఫ్ .గిట్ (అడక్కుండా మొత్తం చెరిపేసే కమాండు) కొట్టేశాడు, వేరే బ్రాంచిలో రెండు వారాల రిపోర్టుల పని ఉంది, పుష్ చెయ్యలేదు. పోయింది. వాణ్ణి ఏమీ అనలేకపోయాం, ఎందుకంటే ఆ వీడియో లింకు పంపింది నేనే.

కాబట్టి డిలీట్ చెయ్యకు, పక్కన పెట్టు. అది కూడా ప్రాజెక్టు ఫోల్డర్ బయటికి జరపాలి. అక్కడే ఉంచి .గిట్ పాతది అని పేరు మారిస్తే బయటి గిట్ దాన్ని మామూలు ఫోల్డర్ అనుకుని మొత్తం లోపలికి కమిట్ చేసేస్తుంది, అదొక కొత్త దరిద్రం. జరిపేశాక బయటి ఫోల్డర్ నుంచి:

గిట్ ఆర్ఎం --క్యాష్డ్ ఫ్రంటెండ్
గిట్ యాడ్ ఫ్రంటెండ్
గిట్ కమిట్

మొదటి దాంట్లో ఫ్రంటెండ్ చివర స్లాష్ పెట్టకు. --క్యాష్డ్ మర్చిపోవద్దు, అది ఉంటే బాండు ఒక్కటే చింపుతుంది, డిస్కు మీద ఫైళ్లు అలాగే ఉంటాయి. రెండోది కొట్టగానే కమిట్ చెయ్యకుండా ఒక్కసారి 'గిట్ స్టేటస్' చూడు, నోడ్ మాడ్యూల్స్ (దించుకున్న లైబ్రరీలు) వేల ఫైళ్లు గానీ పాస్‌వర్డులున్న .ఎన్వ్ ఫైలు గానీ లోపలికి వచ్చేశాయేమో. లోపలి ఫోల్డర్లో .గిట్ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉంటే అది ఇప్పటికీ పని చేస్తుంది, దాని గురించి బెంగ లేదు. కానీ మీవాడు .గిట్ లోపల ఇన్ఫో ఫోల్డర్లో ఎక్స్‌క్లూడ్ ఫైల్లో ఏమన్నా రాసుకుని ఉంటే అవి .గిట్‌తో పాటే పోతాయి.

దీంతో లోపలి హిస్టరీ బయటి రెపోలోకి రాదు, మొత్తం ఒక్క కమిట్ కింద పడుతుంది. మీకు వైవాలో ఎవరెంత చేశారు అని అడిగితే ఇబ్బంది కదా. హిస్టరీతో సహా కావాలంటే ఫ్రంటెండ్ ఫోల్డర్ని మొత్తంగా బయటికి జరిపి, ఆ 'ఆర్ఎం --క్యాష్డ్' కమిట్ చేసి, తర్వాత 'గిట్ సబ్‌ట్రీ యాడ్ --ప్రిఫిక్స్=ఫ్రంటెండ్' అని రాసి దాని పక్కన ఆ జరిపిన ఫోల్డర్ పాత్, బ్రాంచి పేరు ఇవ్వు. యూఆర్ఎల్ బదులు ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ పాత్ ఇచ్చినా తీసుకుంటుంది. పాత కమిట్లన్నీ, చేసినవాళ్ల పేర్లతో సహా వచ్చేస్తాయి. ఒక చిన్న లోటు, పాత కమిట్లలో ఫైళ్లు ఫ్రంటెండ్ అనే ఫోల్డర్ కింద లేవు కాబట్టి ఒక్క ఫైలు హిస్టరీ అడిగితే ఆ కలిపిన చోటే ఆగిపోతుంది. అది కూడా కుదరాలంటే 'ఫిల్టర్-రెపో' అని విడిగా ఒక టూల్ ఉంది, 'టు-సబ్‌డైరెక్టరీ-ఫిల్టర్' ఆప్షన్‌తో పాత కమిట్లన్నిటినీ మొదట్నుంచీ ఆ ఫోల్డర్లోనే ఉన్నట్టు తిరగరాసి, ఆ తర్వాత 'గిట్ మెర్జ్ --అలౌ-అన్‌రిలేటెడ్-హిస్టరీస్' తో కలపొచ్చు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి అంత అవసరం లేదులే.

ఇక కామన్ ఫోల్డర్. ఇక్కడే అసలు ఆలోచించాలి. నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే, ఆ కోడ్‌కి ఈ ప్రాజెక్టుతో సంబంధం లేకుండా సొంత బతుకు ఉందా? అంటే వేరే ప్రాజెక్టు దాన్ని వాడుతుందా, దాన్ని మార్చేది వేరే మనుషులా, ఈ ప్రాజెక్టు పాత వెర్షన్ మీద ఆగిపోయి ఆ ప్రాజెక్టు కొత్తది వాడాల్సిన అవసరం వస్తుందా? ఉంటే సబ్‌మాడ్యూల్‌కి అర్థముంది. ఫోల్డర్లు నీట్‌గా విడివిడిగా కనపడతాయని మాత్రం చెయ్యొద్దు. లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాసింది 2005లో, సబ్‌మాడ్యూల్ వచ్చింది 2007లో 1.5.3 వెర్షన్‌తో, అప్పట్నుంచీ జనం దాన్ని తిడుతూనే ఉన్నారు. గిట్ ఒక్కదాన్నే అనడానికి లేదు, గిట్ లాంటిదే మెర్క్యూరియల్ అనే టూల్‌లో ఇలాంటి సబ్‌రెపో ఉంటే వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఇది ఇంకే దారీ లేనప్పుడు వాడండి అని రాసుకున్నారు. విషయమే చిక్కుది.

నా కథ చెప్తా. మాకు బిల్లు ప్రింటు లైబ్రరీ ఒకటుంది, ముగ్గురు క్లయింట్ల ప్రాజెక్టుల్లో సబ్‌మాడ్యూల్‌గా ఉంది. చిన్న థర్మల్ ప్రింటర్ల మీద తెలుగు పేర్లు సరిగ్గా రావు, వెంకటేశ్వర్లు అని కొడితే వత్తులు కిందికి దిగకుండా పక్కకి పడి ఊరేగుతాయి. మార్చి నెల, మిర్చి సీజన్ పీక్‌లో ఉంది, ఒక క్లయింటు ఫోన్ చేసి రైతులు బిల్లు మీద పేరు చూసి ఇది నాది కాదంటున్నారయ్యా అన్నాడు. నేను రాత్రి కూర్చుని సబ్‌మాడ్యూల్ ఫోల్డర్ లోపలే సరిచేసి, అక్కడే కమిట్ చేసి, బయటికొచ్చి బయట కూడా కమిట్ చేసి, బయటిది పుష్ చేసి పడుకున్నా. లోపలిది పుష్ చెయ్యలేదు.

అంటే ఏం చేశానంటే, సరుకు గోడౌనుకి చేర్చకుండానే బాండు రాసి పంచిపెట్టా. పొద్దున్నే సర్వర్ మీద స్క్రిప్టు నడిచింది, బయటి కొత్త కోడ్ వచ్చింది, లోపలి కమిట్ కోసం వెళ్తే ఆ నంబరు రిమోట్‌లో లేదు, 'నాట్ అవర్ రెఫ్' అని ఆగిపోయింది. కొత్త ప్రోగ్రామూ పాత లైబ్రరీ కలిసి అసలు బిల్లే రాకుండా పోయింది, అవతల లారీలు ఆగున్నాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి కంగారులో బయట పాత కమిట్‌కి వెళ్లి 'సబ్‌మాడ్యూల్ అప్‌డేట్' కొట్టా. దాంతో లోపల నా కమిట్ కనపడకుండా పోయింది. ఎందుకంటే సబ్‌మాడ్యూల్ మామూలుగా ఏ బ్రాంచి మీదా ఉండదు, డిటాచ్డ్ హెడ్ అంటారు, ఒట్టి కమిట్ నంబరు మీద నిలబడి ఉంటుంది. నేను రాత్రి చేసిన కమిట్‌కి బ్రాంచి పేరు లేదు, పక్కకి జరగ్గానే తాడు తెగిన గాలిపటం అయింది. ఆ ఫోల్డర్లోకి వెళ్లి 'గిట్ రెఫ్‌లాగ్' (ఇంతకుముందు నిలబడ్డ కమిట్ల చిట్టా) కొడితే నంబరు దొరికింది, 'గిట్ బ్రాంచ్' తో ఒక పేరు తగిలించి పుష్ చేశా. క్లయింటు అప్పటికి చేత్తో బిల్లులు రాయించుకుంటున్నాడు. ఆ పూట ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందుకని సబ్‌మాడ్యూల్ పెట్టుకుంటే ఇవి పాటించు. లోపల ఏదన్నా మార్చే ముందు ఆ ఫోల్డర్లోకి వెళ్లి ముందు బ్రాంచి మీదకి రా, 'గిట్ స్విచ్ మెయిన్' అంతే. పుష్ చేసేటప్పుడు లోపలిది ముందు, బయటిది తర్వాత. మర్చిపోతావు, అందరం మర్చిపోతాం, కాబట్టి 'గిట్ కాన్ఫిగ్ పుష్.రికర్స్‌సబ్‌మాడ్యూల్స్ చెక్' అని పెట్టుకో, లోపలి కమిట్ ఏ రిమోట్‌లోనూ లేకపోతే బయటి పుష్‌ని ఆపేస్తుంది. చెక్ బదులు ఆన్-డిమాండ్ అని పెడితే తనే లోపలిది కూడా పుష్ చేస్తుందంటారు, నాకు చెక్కే ఇష్టం, ఏం పోతుందో నా కళ్లతో చూసి పంపుతా.

ఇంకోటి, ఇది ఇంకా దొంగదెబ్బ. నువ్వు కామన్‌లో కొత్త కమిట్ చేసి బయటి బాండు ముందుకి జరిపావు. నీ ఫ్రెండ్ 'గిట్ పుల్' కొట్టాడు, కానీ పుల్ బాండు నంబరు మారుస్తుంది గానీ లోపలి ఫైళ్లని మార్చదు, వాడి డిస్కు మీద పాతవే ఉంటాయి. ఇప్పుడు స్టేటస్‌లో కామన్ మారిందని చూపిస్తుంది, వాడు ఏదో నేనే మార్చుంటాలే అనుకుని 'గిట్ కమిట్ -ఏఎం' కొడతాడు. అయిపోయింది, నీ మార్పు వెనక్కి పోయింది, ఎర్రర్ లేదు, కాన్‌ఫ్లిక్ట్ లేదు, ఎవరికీ తెలీదు. మాకు ఒకే బగ్ మూడుసార్లు తిరిగొచ్చింది ఇలాగే, నేను నా మీదే అనుమానపడ్డా. దీనికి మందు 'గిట్ కాన్ఫిగ్ సబ్‌మాడ్యూల్.రికర్స్ ట్రూ', ఇది పెట్టుకుంటే పుల్, స్విచ్ లాంటివి కొట్టినప్పుడు లోపలివి కూడా కలిసి కదులుతాయి. క్లోన్‌కి మాత్రం ఇది పని చెయ్యదు, క్లోన్ చేసేటప్పుడు '--రికర్స్-సబ్‌మాడ్యూల్స్' అని విడిగా రాయాలి, మర్చిపోయి క్లోన్ చేసినవాడు 'గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్' కొట్టుకోవాలి. అలాగే ఈ కాన్ఫిగ్‌లు రెపోతో పాటు ప్రయాణం చెయ్యవు, నలుగురి ల్యాప్‌టాప్‌లలో నలుగురూ పెట్టుకోవాల్సిందే. ఇందాక పద్ధతి నేర్చుకుంటేనే అన్నది ఇందుకే.

చిన్న చిన్నవి గబగబా చెప్తా, టోల్‌గేట్ దాటింది, దిగాలి. .గిట్‌మాడ్యూల్స్‌లో యూఆర్ఎల్ పూర్తిగా రాయకుండా రెండు రెపోలూ ఒకే అకౌంట్ కింద ఉంటే '../కామన్.గిట్' అని రాస్తే ఎస్ఎస్‌హెచ్ వాడేవాడికీ హెచ్‌టీటీపీఎస్ వాడేవాడికీ ఇద్దరికీ పని చేస్తుంది. తర్వాత అడ్రసు మారిస్తే 'గిట్ సబ్‌మాడ్యూల్ సింక్' కొట్టాలి, లేకపోతే పాత అడ్రసుకే పోతుంది. '--రిమోట్' తో అప్‌డేట్ చేస్తే లేటెస్ట్ వస్తుంది కదా అని సర్వర్ మీద అలా పెట్టొద్దు, నువ్వు టెస్ట్ చేసింది ఒకటి అక్కడ నడిచేది ఇంకొకటి అవుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్ (టెస్టుల లాంటివి గిట్‌హబ్ తనే నడిపే సదుపాయం) వాడితే చెకౌట్ దగ్గర సబ్‌మాడ్యూల్స్ ఆప్షన్ నువ్వే ఆన్ చెయ్యాలి, కామన్ ప్రైవేట్ రెపో అయితే దానికి విడిగా టోకెన్ కూడా ఇవ్వాలి. తీసెయ్యాలనుకుంటే 'సబ్‌మాడ్యూల్ డీఇనిట్', ఆ తర్వాత 'గిట్ ఆర్ఎం', ఆ తర్వాత బయటి .గిట్ లోపల మాడ్యూల్స్ ఫోల్డర్లో దాని పేరుతో ఉన్నది కూడా తీసెయ్యాలి. సబ్‌మాడ్యూల్ అసలు హిస్టరీ ఉండేది అక్కడే, పనిచేసే ఫోల్డర్లో ఉండే .గిట్ ఒట్టి దారి చూపించే చిన్న ఫైలు.

సబ్‌ట్రీ సంగతి. ఇందులో బాండూ లేదు గోడౌనూ లేదు, సరుకు తెచ్చి ఇంట్లోనే పోసుకోవడం. 'సబ్‌ట్రీ యాడ్' కి '--స్క్వాష్' (పాత హిస్టరీ అంతా ఒక్క కమిట్‌గా కుదించేది) తగిలిస్తే కామన్ ఫైళ్లన్నీ మామూలు ఫైళ్లలాగే మీ రెపోలోకి వచ్చేస్తాయి, క్లోన్ చేసినవాడికి ఏమీ తెలియక్కర్లేదు, ఖాళీ ఫోల్డర్ల సమస్యే రాదు. కొత్తది కావాలంటే 'సబ్‌ట్రీ పుల్', మీ మార్పులు వెనక్కి పంపాలంటే 'సబ్‌ట్రీ పుష్', ఇవి ఒక్కడికి వస్తే చాలు. కష్టం ఎక్కడంటే ప్రతిసారీ ప్రిఫిక్స్, యూఆర్ఎల్, బ్రాంచి అన్నీ రాయాలి, హిస్టరీ పెరిగేకొద్దీ పుష్ నత్తనడక నడుస్తుంది. ఒక్క కమిట్‌లో కామన్ ఫైళ్లూ బయటి ఫైళ్లూ కలిపి మారిస్తే ఆ కమిట్ మెసేజ్ అటు వెళ్లినప్పుడు అర్థం లేకుండా ఉంటుంది, కాబట్టి విడివిడిగా కమిట్ చేసుకోవాలి. కొన్ని లినక్స్‌లలో సబ్‌ట్రీ గిట్‌తో పాటు రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మా ఆఫీసులో ఇప్పుడు ప్రింటు లైబ్రరీ ఒక్కటే సబ్‌మాడ్యూల్, మిగతావన్నీ సబ్‌ట్రీకి మార్చేశా. కామన్‌లో కోడ్ నెలకొకసారి కూడా మారదంటే ఇవేమీ వద్దు, ఒక ట్యాగ్ (ఒక కమిట్‌కి పెట్టే వెర్షన్ పేరు) పెట్టి, లైబ్రరీలు దించే టూల్స్ ఎన్‌పీఎం గానీ పిప్ గానీ నేరుగా గిట్ లింకు నుంచి ఇన్‌స్టాల్ చేసేలా రాసుకోండి, అదే అన్నిటికన్నా ప్రశాంతం.

మీకు నేను సబ్‌ట్రీ అనడానికి ఇంకో కారణం, చాలా కాలేజీల్లో చివర్లో జిప్ ఇవ్వమంటారు. గిట్‌హబ్‌లో డౌన్‌లోడ్ జిప్ కొడితే సబ్‌మాడ్యూల్ ఫోల్డర్లు ఖాళీగానే వస్తాయి, అక్కడ ల్యాబ్‌లో సార్ తెరిచి ఏదయ్యా మీ కోడ్ అంటాడు.

రాత్రికి నువ్వు ఆ 'స్టాష్ లిస్ట్', 'లాగ్' రెండూ ఫ్రంటెండ్‌లోనూ బ్యాకెండ్‌లోనూ కొట్టి ఏం వచ్చిందో, దాంతో పాటు బయట 'ఎల్ఎస్-ట్రీ హెడ్' ఏం చూపించిందో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా. అప్పటిదాకా ఎవర్నీ .గిట్ జోలికి పోనివ్వకు.